వాహనాల పైకప్పు లైట్లకు కన్సీల్డ్ వైరింగ్

ఇంటి గోడలో పైపు పూడ్చి, అందులోంచి తీగ లాగితే దాన్ని కన్సీల్డ్ వైరింగ్ అంటాం. వాహనం నెత్తిన బిగించిన లైటుకు కూడా ఆ పద్ధతిలోనే తీగ నడపవచ్చు. బ్యాటరీ దగ్గర బయలుదేరిన తీగ బానెట్ అంచున, పిల్లర్ లోపల, రూఫ్ లైనింగ్ వెనక దాగి పైకి చేరి, లైటు కింద మాత్రమే బయటపడుతుంది. అంబులెన్సు మీది నీలి లైటు, పోలీసు జీపు లైట్ బార్, వరికోత మిషను నెత్తి మీది ఫోకస్ లైట్లు, కొండదారుల్లో తిరిగే జీపుల పైవరస దీపాలు, ప్రచార రథాల ఫ్లడ్ లైట్లు అన్నీ ఈ పని కిందికే వస్తాయి. చూడటానికి చిన్న పనే. అయితే తీగ దాచడంలో పొరపాటు చేస్తే కప్పు కారుతుంది, లైటు మసకబారుతుంది, ఒక్కోసారి వాహనమే అంటుకుంటుంది.

ఈ లైట్ల అవసరం ఎంతో కపిలేశ్వరపురం లాంటి ఊళ్లో చూడాలి. ఈ ఊరు గోదావరి పాయ గౌతమి ఎడమ గట్టున ఉంది. గౌతమికీ వశిష్ఠకూ నడుమ ఉన్న నేలనే కోనసీమ అనే పాత లెక్క ప్రకారం ఈ ఊరు ఏటికి ఇవతలిదే. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఇది కోనసీమ జిల్లాలో చేరింది. ఊరి చుట్టూ అంగర, తాతపూడి వైపు వరిచేలు, ఏటి పక్కన లంక భూములు ఉంటాయి. పైకప్పు లైటు విలువ ఇక్కడ బాగా తెలిసేది మాసూళ్ల రోజుల్లో. సార్వా కోతలు నవంబరు, డిసెంబరులో పడతాయి, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలమూ అదే. రేపు వాన అన్న కబురు వస్తే కోత మిషను పొద్దుగూకినా ఆగదు, మంచు దిగి గడ్డి తడిసేదాకా చేలో తిరుగుతూనే ఉంటుంది. ఆ మూడు నాలుగు గంటలూ రైతుకు నెత్తిమీది లైట్లే దిక్కు. అవి ఆరిపోతే కారణం చాలాసార్లు బల్బులో ఉండదు, తీగలో ఉంటుంది.

ఎందుకు దాచాలి

అందం కోసం దాచడమన్నది సగం మాటే. బయట వేలాడే తీగకు నాలుగు వైపుల నుంచి చేటు ఉంది. మొదటిది ఎండ. ఇళ్లలో వాడే మామూలు పీవీసీ తీగ తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకునేలా తయారవుతుంది. మే నెల మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలే రేకు మీద, నేరుగా ఎండలో, ఆ తొడుగు ఏడాది రెండేళ్లలోనే బిరుసెక్కి పగుళ్లు తీస్తుంది. రెండోది రాపిడి. వాహనం కదులుతున్నంతసేపూ వదులుగా ఉన్న తీగ రేకు అంచు మీద రంపంలా ఆడుతూ ఉంటుంది. మూడోది కొమ్మలు. కోనసీమ దారుల్లో కొబ్బరిమట్టలూ, గట్ల మీద తుమ్మకొమ్మలూ కప్పుకు తగలకుండా వెళ్లే బండి ఉండదు, బయటి తీగను ఒక మట్ట చాలు లాక్కుపోవడానికి. నాలుగోది తేమ.

తేమ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. సముద్రపు గాలి తగిలే డెల్టాలో రాగి తీగ కొసలకు పచ్చగా చిలుము పడుతుంది. చిలుము పట్టిన అతుకులో నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగిన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి తొడుగు మెత్తబడుతుంది. లైటు మినుకు మినుకుమంటుంటే చాలామంది బల్బు మారుస్తారు. ముందు అతుకు విప్పి చూడాలి, రాగి నల్లబడిందా, పచ్చబడిందా అని.

దాచిన తీగకు ఈ నాలుగూ తగ్గుతాయి గానీ కొత్తగా ఒకటి చేరుతుంది. దెబ్బ తగిలినా కంటికి కనబడదు. కాబట్టి నీటికి, ఎండకు, పదునైన అంచుకు కనబడకుండా తీగను దాచాలి, రేపు రిపేరు చేసేవాడి నుంచి మాత్రం దాచకూడదు. ఈ రెండో సగాన్ని మరిచి చేసిన పని ఎంత నునుపుగా కనబడినా మంచి పని అనిపించుకోదు.

తీగ లావు లెక్క

తీగ ఎటు పోవాలన్నది ఆలోచించే ముందు ఎంత లావు తీగ కావాలో తేల్చుకోవాలి. పిల్లర్ సందులోకి దూర్చాక మళ్లీ మార్చడం పెద్ద పని.

పాత పద్ధతి హాలోజన్ ఫోకస్ లైటు ఒకటి 55 వాట్లు అనుకుందాం. నాలుగు కలిపితే 220 వాట్లు. 12 వోల్టుల బండిలో అది 18 ఆంపియర్లకు పైమాటే. బ్యాటరీ నుంచి కప్పు దాకా నాలుగు మీటర్లు, తిరుగు తీగ కూడా వేస్తే మొత్తం ఎనిమిది మీటర్లు. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ వాడితే ఆ దూరానికి సుమారు 0.14 ఓమ్‌ల నిరోధం, అంటే దారిలోనే దాదాపు రెండున్నర వోల్టులు పోతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు ఆ నష్టం ఒక వోల్టుకు, 4 చదరపు మిల్లీమీటర్లకు 0.6 వోల్టుకు తగ్గుతుంది. షాపుల్లో ఈ కొలతను ఉత్త ‘ఎమ్ఎమ్’ అనే అంటారు. రెండున్నర ఎమ్ఎమ్ అంటే అది తీగ అడ్డకొలత కాదు, రాగి కోత వైశాల్యం.

ఒక వోల్టు పోతే ఏమవుతుందిలే అనిపించవచ్చు. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో పాటు సమానంగా తగ్గదు, వోల్టేజీకి సుమారు మూడున్నరో ఘాతంలో తగ్గుతుంది. పన్నెండులో ఒక వోల్టు తగ్గితే వెలుగులో పావు వంతు మాయమవుతుంది. రెండున్నర తగ్గితే సగానికి పైగా పోతుంది. ఆ పోయిన శక్తి ఎక్కడికీ వెళ్లదు, లైనింగ్ వెనక దాగిన తీగలోనే వేడిగా మిగులుతుంది. బయటి తీగకు గాలి తగిలి కాస్త చల్లబడుతుంది, దాచిన తీగకు ఆ వెసులుబాటు లేదు. అందుకే కన్సీల్డ్ వైరింగ్‌లో తీగ ఒక సైజు ఎక్కువే ఉండాలి.

ఎల్ఈడీలు వచ్చాక ఈ బాధ చాలావరకు తీరింది. 18 వాట్ల ఎల్ఈడీ లైట్లు నాలుగు పెట్టినా 72 వాట్లు, 6 ఆంపియర్లే. లారీల్లో 24 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి గనుక అంతే వాట్లకు కరెంటు సగమే పడుతుంది. తీగ రకం విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. ఇంటి వైరింగ్‌లో మిగిలిన ముక్క కాకుండా, సన్నని పోగులు చాలా ఉండి వేడిని ఎక్కువ తట్టుకునే ఆటో వైరునే వాడాలి. లావు పోగులు తక్కువున్న తీగ బండి అదురుకు లోపల్లోపలే ఒక్కో పోగు చొప్పున తెగుతుంది.

దారి ఎటు

కారు, జీపు, వ్యాను జాతి బండ్లలో దారి సాధారణంగా ఇలా ఉంటుంది. బ్యాటరీ పక్కన ఫ్యూజు, అక్కడి నుంచి బానెట్ లోపలి అంచు వెంట కీలు దగ్గరికి, కీలు పక్క సందులోంచి ముందు అద్దం పక్కనున్న పిల్లర్‌కు, పిల్లర్ మీదుగా కప్పుకు. పిల్లర్ దగ్గర రెండు పద్ధతులున్నాయి. ఒకటి, అద్దానికీ రేకుకూ మధ్యనున్న బీడింగు కింద తీగను నొక్కి బయటి వైపు నుంచే తీసుకెళ్లడం. దీనికి రంధ్రం అక్కర్లేదు, విప్పడం తేలిక, కప్పు కారదు. చాలా కార్ల కప్పు మీద ఇరువైపులా ముందు నుంచి వెనక్కి పోయే కాలువలాంటి పల్లం ఉంటుంది, దాన్ని కప్పే రబ్బరు పట్టీ కింద తీగ చక్కగా ఇముడుతుంది. రెండోది, పిల్లర్ లోపలి ప్లాస్టిక్ తొడుగు విప్పి, క్యాబిన్ వైపు నుంచి రూఫ్ లైనింగ్ పైకి తీసుకెళ్లడం. తీగ బొత్తిగా కనబడదు గానీ కప్పుకు రంధ్రం తప్పదు. సొంత బండికి మొదటి పద్ధతే మేలని నా అభిప్రాయం. రోజంతా డ్యూటీలో ఉండే అంబులెన్సు లాంటి వాటికి రెండోది.

పిల్లర్ లోపలికి వెళ్లేవారు ముందు అందులో ఏముందో చూసుకోవాలి. ఇప్పటి కార్లలో పక్క కిటికీల పైభాగాన కర్టెన్ ఎయిర్‌బ్యాగు మడిచిపెట్టి ఉంటుంది. దాని ముందు నుంచి తీగ అడ్డంగా పోతే, ప్రమాద సమయంలో బ్యాగు విచ్చుకునేటప్పుడు అడ్డు పడుతుంది, లేదా తీగనూ తొడుగునూ మనిషి మీదికి విసురుతుంది. తీగ ఎప్పుడూ ఎయిర్‌బ్యాగు వెనక నుంచే పోవాలి, దానికి కట్టనే కట్టకూడదు. ఎయిర్‌బ్యాగు కనెక్టర్లకు చాలా బండ్లలో పసుపు రంగు వాడతారు. ఆ రంగు కనబడితే చెయ్యి వెనక్కి తీసుకోవడమే. సన్‌రూఫ్ ఉన్న బండిలో దాని నీళ్లు దిగే సన్న గొట్టాలు కూడా పిల్లర్లలోంచే కిందికి వస్తాయి. తీగ దూర్చేటప్పుడు ఆ గొట్టం నలిగితే తర్వాతి వానకు కాళ్ల కింద మ్యాటు తడుస్తుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు.

ఇంజను వైపు నుంచి క్యాబిన్‌లోకి తీగ తేవాలంటే మధ్యనున్న రేకు గోడ దాటాలి. కంపెనీ వైరింగ్ పోయే చోట పెద్ద రబ్బరు బుష్ ఒకటి ఎలాగూ ఉంటుంది, దాని అంచున చిన్న గాటు పెట్టి తీగను పంపితే కొత్త రంధ్రం తప్పుతుంది. ఇళ్ల వైరింగ్‌లో పైపులోకి దూర్చే స్టీలు పట్టీ లాంటి గట్టి తీగను ముందు పంపి, దాని కొసకు మన తీగను టేపుతో చుట్టి లాగుతారు. తెలిసిన పనివాడు ఆ తీగతో పాటు సన్నని నైలాన్ తాడు కూడా ఒకటి లాగి లోపల వదిలేస్తాడు. రేపు ఇంకో తీగ వెయ్యాల్సొస్తే ఆ తాడు చాలు, మళ్లీ లైనింగ్ విప్పక్కర్లేదు.

కోత మిషనుకూ ట్రాక్టరుకూ లైనింగు, పిల్లర్ తొడుగుల సౌకర్యం లేదు. ట్రాక్టరు పందిరి ఇనప పైపులతో కడతారు గనుక తీగను ఆ పైపు లోపల్నుంచే పంపడం సహజమైన దారి. పైపు కోసిన కొస కత్తిలా ఉంటుంది. ఆకురాయితో గీకి, రబ్బరు బుష్ పెట్టకుండా తీగ పంపితే ఒక్క సీజనులో తొడుగు తెగి ఇనుముకు తగులుతుంది. పైపు అడుగున నీరు నిలవకుండా చిన్న రంధ్రం ఒకటి వదలాలి. కోత మిషనుల్లో, బురద చేలకు వాడే చైన్ మిషనైనా గట్టి చేలకు వాడే టైర్ మిషనైనా, తీగను రెండింటికి దూరంగా ఉంచాలి: పొగగొట్టానికి, హైడ్రాలిక్ పైపులకు. హైడ్రాలిక్ పైపు ఒత్తిడి వచ్చినప్పుడల్లా కొద్దిగా కదులుతుంది, దానికి కట్టిన తీగ ఆ కదలికకు ఒరుసుకుపోతుంది. పొగగొట్టం దగ్గర ఊక, దుమ్ము పేరుకుంటాయి. వేడెక్కిన తీగ, ఎండు ఊక, నూనె మరక మూడూ ఒకచోట కలిస్తే చేలో మంటకు ఇంకేమీ అక్కర్లేదు. పైగా కోత అయ్యాక మిషను నెలల తరబడి షెడ్డులో ఉంటుంది, గింజల వాసనకు ఎలుకలు చేరతాయి. అవి కొరికేది ఎక్కువగా తీగ తొడుగునే. ముడతల ప్లాస్టిక్ పైపు ఎలుకను కొంతవరకు ఆపుతుంది, లోహపు అల్లిక పైపు పూర్తిగా ఆపుతుంది.

చెక్క, ఫైబర్ బాడీల సంగతి వేరు. మామూలు రేకు బండిలో లైటు తిరుగు కరెంటు బాడీ మీదుగానే బ్యాటరీకి చేరుతుంది. చెక్క క్యాబిన్ లారీకి, ఫైబర్ కప్పు వ్యానుకు ఆ వీలు లేదు. ప్లస్సూ మైనస్సూ రెండు తీగలూ పైదాకా తీసుకెళ్లాలి. రేకు బండిలో కూడా లైటు బోల్టు కింద రంగు గీకకుండా ఎర్త్ ఇస్తే ఆ లైటు వెలిగేది అదృష్టం మీదే. ఎక్కడైనా సరే రెండు తీగలు వేయడమే నమ్మకమైన పని. వాటిని జడలా మెలివేసి పంపితే మరో లాభం: చౌక ఎల్ఈడీల లోపలి సర్క్యూటు పుట్టించే గరగర ఎఫ్ఎం రేడియోలోకి, వైర్‌లెస్ సెట్టులోకి తక్కువగా చేరుతుంది. అంబులెన్సుల్లో, పోలీసు బండ్లలో యాంటెన్నా తీగకు లైటు తీగను ఆనించి కట్టకూడదనేది ఇందుకే.

రంధ్రం, నీరు

కప్పుకు రంధ్రం పెట్టడమంటే పని మధ్యలో ఆగి ఒక్కసారి ఆలోచించాల్సిన చోటు. లోపల అడ్డపట్టీ ఉందా, లైనింగుకు తగులుతుందా, నీరు నిలిచే పల్లమా అని చూసుకోవాలి. రంధ్రం ఎప్పుడూ కాస్త మెరక మీద, లైటు అడుగు భాగం కప్పే చోట పెట్టాలి. డ్రిల్లు పెట్టాక అంచు గరుకు తీసి, బయటపడ్డ ఇనుముకు ప్రైమరు పూసి, ఆరాక రబ్బరు బుష్ బిగించాలి. ప్రైమరు మానేస్తే గోదావరి జిల్లాల వానకు రెండో ఏడే ఆ రంధ్రం చుట్టూ తుప్పు బొబ్బలు లేస్తాయి.

సీలెంటులోనూ ఎంపిక ఉంది. షాపులో దొరికే చౌక సిలికాన్ చాలావరకు ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేస్తుంది. అది విడుదల చేసేది ఎసిటిక్ ఆమ్లాన్నే. రాగినీ ఇనుమునూ తినేస్తుంది. వాసన లేని న్యూట్రల్ రకం సిలికాన్, లేదా బాడీ పనులకు వాడే పాలియురిథేన్ సీలెంటు తీసుకోవాలి.

తీగ రంధ్రంలోకి నేరుగా పై నుంచి దిగితే నీరు దాన్నే పట్టుకుని లోపలికి జారుతుంది. అందుకని తీగను రంధ్రం కంటే కిందికి వంచి, మళ్లీ పైకి తిప్పి లోపలికి పంపుతారు. చూరు నుంచి నీటిబొట్టు రాలినట్టు, వంపు అడుగున నీరు రాలిపోతుంది. ఇది అందరికీ తెలిసిన కిటుకే. ఎక్కువమందికి తెలియనిది మరొకటుంది. సన్న పోగుల తీగలో పోగుల మధ్య సందు దీపపు వత్తిలా పనిచేస్తుంది. కప్పు మీద తెరిచి ఉన్న కొసను వానలో ఉంచితే నీరు తొడుగు లోపల్నుంచే పాకి మూడు నాలుగు అడుగుల అవతల స్విచ్చు దగ్గరికి చేరుతుంది. తొడుగు చెక్కుచెదరకుండా, లోపలి రాగి మాత్రం పొడుగునా పచ్చబడి ఉండటం ఇందువల్లే. దీనికి వంపు చాలదు. కప్పు మీది అతుకును లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవుతో మూయాలి. వేడి చేసినప్పుడు జిగురు కరిగి అంచుల్లోంచి కొద్దిగా బయటికి వస్తే మూత సరిగ్గా పడ్డట్టు.

అతుకులకు టంకం మంచిదా, తీగ కొసకు లోహపు థింబుల్ నొక్కడం మంచిదా అన్న వాదన మెకానిక్కుల మధ్య ఎప్పుడూ ఉంటుంది. కదలని యంత్రంలో టంకం బాగానే ఉంటుంది. కదిలే బండిలో టంకం పాకిన చోట తీగ పుల్లలా గట్టిపడి, ఆ గట్టితనం ఆగిన అంచు దగ్గర అదురుకు విరుగుతుంది. సరైన ప్లయరుతో నొక్కిన థింబులే బండికి తగినది. పళ్లతో తొడుగు పీకి, చేత్తో మెలిపెట్టి, నల్ల టేపు చుట్టే అతుకు మాత్రం వద్దు. ఎండకు ఆ టేపు జిగురు కారి ఊడిపోతుంది.

రిలే, ఫ్యూజు, స్విచ్చు

18 ఆంపియర్లను డ్యాష్‌బోర్డు మీది చిన్న స్విచ్చులోంచి పంపితే స్విచ్చు కాలుతుంది. అందుకే రిలే. స్విచ్చు రిలే చుట్టకు ఆంపియరులో నాలుగో ఐదో వంతు కరెంటు ఇస్తుంది, ఆ చుట్ట అయస్కాంతమై లోపలి పెద్ద మొనలను కలుపుతుంది, అసలు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా లైటుకు పోతుంది. జర్మన్ ప్రమాణం ప్రకారం రిలే కాళ్లకు అంకెలు ఉంటాయి: 30కి బ్యాటరీ, 87కి లైటు, 85, 86లకు చుట్ట. ఐదు కాళ్ల రిలేలో నడుమ ఉండే 87ఏ అనేది స్విచ్చు ఆపి ఉన్నప్పుడు కలిసుండే కాలు. దానికి పొరపాటున లైటు కలిపితే స్విచ్చు ఆపినప్పుడు లైటు వెలిగి, వేసినప్పుడు ఆరిపోతుంది.

ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, జానెడు దూరంలో ఉండాలి. ఫ్యూజు కాపాడేది లైటును కాదు, తీగను. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న తీగ ముక్కకు ఎవరి కాపలా లేదు గనుక ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఫ్యూజు పదేపదే పోతుంటే పెద్ద ఫ్యూజు వేయడం, అంతకంటే ఘోరంగా సిగరెట్టు పెట్టె రేకు చుట్టడం, దాచిన తీగకు నిప్పు పెట్టడంతో సమానం.

రిలే, ఫ్యూజు పెట్టెలను ఎంత ఎత్తున పెట్టాలన్నది లంక గ్రామాల వాహనాలకు ముఖ్యం. 2022 జూలైలో గోదావరికి వచ్చిన వరదకు భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, కింద గౌతమి, వశిష్ఠల లంకలన్నీ మునిగాయి. అలాంటప్పుడు నెత్తిమీది లైటుకు తడి తగలకపోయినా సీటు కింద పెట్టిన రిలేలో బురద నిండితే లైటు వెలగదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను ఊడ్చేసినప్పుడు కరెంటు స్తంభాలు నేలకూలి ఊళ్లన్నీ చీకట్లో ఉండిపోయాయి. అటువంటి రాత్రుల్లో సహాయానికి వచ్చే బండికి తన వెలుగే ఆధారం. ఆ పెట్టెలను బానెట్ కింద పైఎత్తున, మూతి కిందికి ఉండేలా బిగించడం ఖర్చు లేని జాగ్రత్త.

ఎక్కడి నుంచి వచ్చింది

మోటారు బండికి బ్యాటరీతో వెలిగే దీపాలు 1912లో కాడిలాక్ కారుతో స్థిరపడ్డాయి. దీపం నెత్తికెక్కింది ఆ తర్వాత. 1960లలో ఐరోపా ర్యాలీ పందేల్లో రాత్రంతా మంచు కొండల మీద నడిచే కార్లకు ముందూ పైనా అదనపు దీపాలు బిగించేవారు. 1962లో హాలోజన్ బల్బు వచ్చాక వాటి వెలుగూ, అవి లాగే కరెంటూ రెండూ పెరిగాయి. 1966 మోంటే కార్లో ర్యాలీలో మొదటి మూడు స్థానాల్లో వచ్చిన మినీ కార్లను దీపాలు నిబంధనలకు తగినట్టు లేవని పోటీ నుంచి తీసేశారు. దీపాల మీద అంత పట్టింపు ఉండేది. అమెరికాలో ఎడారి పందేల బండ్లు పైకప్పు దీపాల వరసను వేడుకగా మార్చాయి. ఈ రోజు మన దగ్గర జీపులకు బిగించే లైట్ బార్‌లు ఆ వరసలోవే.

తెలుగునాట పైకప్పు వైరింగ్‌ను పెద్ద ఎత్తున తెచ్చింది ఆ వేడుక కాదు, అంబులెన్సు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవతో నెత్తిన తిరిగే లైటు, సైరనూ ఉన్న వాహనం పల్లెలకు మామూలు దృశ్యమైంది. 2020 జూలై 1న ఆంధ్రప్రదేశ్‌లో ఒకేసారి 1,088 కొత్త 108, 104 వాహనాలు రోడ్డెక్కాయి. అంబులెన్సు ఎలా ఉండాలో చెప్పే ఏఐఎస్-125 అనే జాతీయ ప్రమాణం కూడా ఇప్పుడుంది. అంబులెన్సు కప్పు లోపల తీగలు చాలా ఉంటాయి: బయటి లైట్లు, లోపలి దీపాలు, ఫ్యాను, సైరను కొమ్ము, యాంటెన్నా. ఆ పక్కనే ఆక్సిజన్ పైపు కూడా పోతుంది. ఆక్సిజన్ దగ్గర చిన్న నిప్పురవ్వ కూడా పెద్ద మంటవుతుంది గనుక కరెంటు తీగకూ ఆక్సిజన్ పైపుకూ వేర్వేరు దారులు ఉంచడం ఇక్కడ తప్పనిసరి జాగ్రత్త.

రాజకీయ ప్రచారం ఇంకో పాఠశాల. 1982లో ఎన్.టి.రామారావు పాత షెవ్రొలే వ్యానును మార్పించి చైతన్య రథంగా ఊరూరా తిప్పారు. కప్పే వేదిక. 2023 జూన్ 14న కత్తిపూడిలో మొదలై అమలాపురం మీదుగా సాగిన పవన్ కల్యాణ్ వారాహి యాత్ర బండిదీ ఆ బాణీయే. మనుషులు నిలబడే కప్పు మీద వైరింగ్ చేయడం మామూలు కప్పు మీద చేయడం కంటే కష్టం. తీగ కాలికి తగలకూడదు, పూలదండల నీళ్లు కారినా తడవకూడదు, మైకు తీగ పక్కన లైటు తీగ పడి స్పీకర్లో బుర్రుమనకూడదు. కప్పు కింద తప్పుడు కప్పు ఒకటి కట్టి మధ్య ఖాళీలో తీగలు నడపడం ఇలాంటి బండ్లకు తగిన పద్ధతి.

పల్నాడులో మహాశివరాత్రికి కోటప్పకొండ వెళ్లే విద్యుత్ ప్రభలను కూడా ఇక్కడ తలచుకోవాలి. పదుల అడుగుల ఎత్తు చట్రానికి రంగు బల్బుల వరసలు కట్టి, జనరేటరుతో వెలిగిస్తూ లాక్కెళ్తారు. బల్బులన్నీ ముందు, తీగలన్నీ వెనక. చూసేవాళ్లకు వెలుగే కనబడాలన్న ఆలోచన అక్కడ ఎప్పటినుంచో ఉంది. కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోటకు చేరే ప్రభలు మాత్రం భుజాల మీద, పంటచేల మీదుగా సాగుతాయి. వాటికి తీగతో పనిలేదు.

చట్టం, తీసేసిన లైటు

నెత్తిన లైటు పెట్టుకోవడం బండి యజమాని ఇష్టం ఒక్కటే కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అటువంటి మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 1989 కేంద్ర నిబంధనల్లో 111వది బండి ముందు స్పాట్ లైటు, సెర్చ్ లైటు పెట్టడాన్ని ప్రత్యేక అనుమతి లేకుండా నిషేధిస్తుంది. ఎదురొచ్చే మోటారుసైకిలు వాడి కళ్లు మూతపడేలా పైవరస దీపాలు వేసుకుని ఏటిగట్టు సన్నదారి మీద రావడం చట్టం సంగతి అటుంచి ప్రాణాలతో ఆట. చేలో కోత మిషనుకు అవసరమైన ఆ లైట్లను మిషను రోడ్డెక్కగానే ఆర్పేయాలి.

ఎర్ర బుగ్గ కథ తెలిసిందే. 2013 డిసెంబరు 10న సుప్రీంకోర్టు దాని వాడకాన్ని బాగా కుదించింది. 2017 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం నిర్ణయించి, మే 1 నుంచి మంత్రులూ అధికారుల బండ్ల మీది బుగ్గలన్నిటినీ తీయించింది. అయస్కాంతం అడుగున్న బుగ్గలు పీకగానే వచ్చాయి, వాటి తీగ కిటికీలోంచి సిగరెట్ లైటర్ సాకెట్టుకు వేలాడేది అంతే. రంధ్రం పెట్టి బిగించినవి తీసేశాక కప్పుకు కన్నం మిగులుతుంది, లైనింగ్ లోపల తీగ మిగులుతుంది.

ఇలా మిగిలిన తీగను చాలామంది పైకొస కత్తిరించి, టేపు చుట్టి లోపలికి తోసేస్తారు. అవతలి కొస బ్యాటరీకి తగిలే ఉంటుంది. ఎప్పుడో టేపు ఊడి కొస రేకుకు తగిలితే ఫ్యూజు పోతుంది, ఫ్యూజు లేకపోతే లైనింగ్ పొగలు కక్కుతుంది. తీయడం ఎప్పుడూ బ్యాటరీ వైపు నుంచి మొదలుపెట్టాలి. ముందు ఫ్యూజు, తర్వాత రిలే, ఆ తర్వాత కింది కొస విప్పి, దానికి నైలాన్ తాడు కట్టి పై నుంచి తీగను లాగేయాలి. తీగ ఏ దారిన వెళ్లిందో మొదట బిగించినవాడు బానెట్ మూత లోపల ఒక కాగితం మీద గీసి అంటించి ఉంటే ఈ పని అరగంటలో అవుతుంది. గీత లేకపోతే లైనింగ్ మొత్తం దింపాల్సిందే. కన్నానికి లోపలి వైపు నుంచి రేకు బిళ్ల అతికించి, పైన సీలెంటు, ప్రైమరు, బండి రంగు వేయాలి. ఒట్టి రబ్బరు బిళ్ల బిగించి వదిలేస్తే రెండు వేసవులు గడిచేసరికి అది బిరుసెక్కి వదులవుతుంది, మూడో ఏడు తొలకరికి డ్రైవరు భుజం మీద చుక్క పడుతుంది.